డీజిలు జీపునకు గ్యాసు: ఆదా ఎంత? ఆపద ఎంత?

రంపచోడవరం: కోనసీమ నేల కింద గ్యాసు ఉంది. అక్కడికి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో మన్యం ఘాట్లెక్కే జీపుల్లో మాత్రం డీజిలే మండుతోంది. 2021 అక్టోబరులో రాష్ట్రంలో డీజిలు ధర లీటరు వంద రూపాయలు దాటింది. ఆ ఏడాది నవంబరులో పది రూపాయలు, 2022 మే నెలలో ఆరు రూపాయలు చొప్పున కేంద్రం ఎక్సైజు సుంకాన్ని తగ్గించింది. అయినా ఆ తరువాత కూడా ధర వంద దరిదాపుల్లోనే నిలిచింది. ఫైనాన్సు మీద బండి కొని నెలనెలా వాయిదాలు కట్టుకునే జీపు యజమానికి ఈ ధర గుదిబండ. చార్జీ పెంచుదామంటే సంతకు వచ్చే గిరిజనుడి వద్ద అంత డబ్బు లేదు. పెంచకపోతే బండి గిట్టుబాటు కాదు.

ఈ పరిస్థితిలో డీజిలు ఇంజనుకు కొంత గ్యాసు పట్టిస్తే ఖర్చు తగ్గుతుందన్న మాట జీపు స్టాండుల్లో, మెకానిక్ షెడ్లలో వినబడుతోంది. టర్బో ఉన్న నాలుగు చక్రాల పట్టు బండ్లకు గ్యాసు పెడితే ఆదాతో పాటు లాగుడు కూడా పెరుగుతుందని చెప్పేవారున్నారు. ఇందులో నిజం లేకపోలేదు. అయితే చెప్పేవారు చెప్పకుండా దాటవేస్తున్న సంగతులు ఎక్కువ.

పాత విద్యే

ఇంజనుకు గ్యాసు పట్టించడం కొత్త విద్య కాదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలుకు కరువొచ్చినప్పుడు బొగ్గు గ్యాసుతో బస్సులు నడిచిన సంగతి పెద్దలు చెబుతుంటారు. అయితే అవి పెట్రోలు ఇంజన్లు. వాటిలో స్పార్కు ప్లగ్గు ఉంటుంది కనుక ఏ గ్యాసునైనా నిప్పురవ్వతో అంటించవచ్చు. డీజిలు ఇంజనులో ప్లగ్గు ఉండదు. గాలిని పదహారు పదిహేడు వంతుల మేర అదిమితే పుట్టే వేడికే డీజిలు అంటుకుంటుంది. ఆ వేడికి గ్యాసు తనంతట తాను నమ్మకంగా అంటుకోదు. డీజిలు 250 డిగ్రీల లోపే రగులుతుంది. సీఎన్‌జీలోని మీథేనుకు 500 డిగ్రీలు దాటాలి. కాబట్టి డీజిలు ఇంజనులో గ్యాసు మండాలంటే దారులు రెండే. కొంత డీజిలును అగ్గిపుల్లగా వాడుకుంటూ మిగతా భాగం గ్యాసు ఇవ్వడం ఒకటి. ఇంజను హెడ్డు, పిస్టన్లు మార్చి, అదుముడు తగ్గించి, ప్లగ్గులు పెట్టి పూర్తిగా గ్యాసు ఇంజనుగా చేయడం రెండవది.

మొదటి పద్ధతి పల్లెలకు తెలియనిదేమీ కాదు. గోబర్ గ్యాసుతో అయిదు హార్సుపవరు ఆయిలింజన్లు నడిపిన రైతులున్నారు. నూటికి ఎనభై వంతులు గ్యాసు, ఇరవై వంతులు డీజిలు అన్న లెక్క అప్పటిదే. మరి అదే లెక్క జీపునకు ఎందుకు వర్తించదు?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. నూతి గట్టున ఉన్న ఆయిలింజను ఒకే వేగంతో, ఒకే బరువుతో గంటల తరబడి తిరుగుతుంది. ఒకసారి వాల్వు సరిచేస్తే చాలు. జీపు సంగతి అది కాదు. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను పూర్తి శక్తితో లాగుతుంది. మలుపు తిరిగి దిగుడు రాగానే డ్రైవరు యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తాడు. స్టాండులో పావుగంట ఊరికే తిరుగుతుంది. క్షణక్షణానికి ఇంజను ఆకలి మారుతుంటే, దానికి తగ్గట్టు గ్యాసు పాలు కూడా మారాలి. తేలిక లాగుడులో గ్యాసు పలచబడిపోయి సగం మండకుండానే సైలెన్సరు గుండా పోతుంది. బరువు లాగుడులో ఎక్కువైతే ముందే రగిలి ఇంజను కొట్టుకుంటుంది. అందుచేత ఆయిలింజనులో ఎనభై వంతులు ఇచ్చినట్లు రోడ్డు మీద బండికి ఇవ్వడం కుదరదు. గ్యాసును లోపలికి ఊదే పద్ధతిలో డీజిలుకు బదులు కలిసేది సుమారు నాలుగో వంతు.

టర్బో సంగతి

టర్బో అంటే సైలెన్సరు వైపు వృథాగా పోయే వేడి పొగతో తిరిగే చక్రం. అది బయటి గాలిని తోడి ఇంజనులోకి ఎక్కువగా నెడుతుంది. డీజిలు ఇంజనులో ఎప్పుడూ మండడానికి కావలసిన దానికన్నా ఎక్కువ గాలే ఉంటుంది కనుక, ఆ మిగులు గాలిలో కాస్త గ్యాసు కలిస్తే అదీ మండుతుంది. లాగుడు పెరిగినట్లు డ్రైవరుకు తెలుస్తుంది. సరిగా అమర్చితే నల్లపొగ కూడా తగ్గుతుంది. ఇంతవరకు నిజమే.

కానీ పెరిగిన లాగుడు ఊరికే రాదు. సిలిండరులో ఒత్తిడి పెరుగుతుంది, పొగ వేడి పెరుగుతుంది. ఎల్‌పీజీ అయితే ఈ బాధ మరీ ఎక్కువ. సీఎన్‌జీ కంటే అది తక్కువ వేడికే అంటుకుంటుంది. వేసవిలో, నిండు లోడుతో ఘాట్ ఎక్కుతున్నప్పుడు గ్యాసు పాలు కాస్త మితిమీరినా పిస్టన్ తలలు కాలడం, హెడ్ గాస్కెట్ పోవడం, చివరకు ఇంజను బోరుకు రావడం జరుగుతాయి. ఏడాదంతా ఆదా చేసిన డబ్బు ఒక్క బోరుకు చాలదు.

ఇంతకన్నా ప్రమాదకరమైనది మరొకటి ఉంది. పెట్రోలు ఇంజనుకు గాలిని ఆపే మూత ఉంటుంది. పాత డీజిలు ఇంజన్లలో చాలా వాటికి అది లేదు. డీజిలు ఆపితే ఇంజను ఆగాలి, అంతే. గాలిగొట్టంలోకి గ్యాసు కారుతూ ఉంటే తాళంచెవి తిప్పినా ఇంజను ఆగకపోవచ్చు. పైగా అదుపు తప్పిన వేగంతో తిరుగుతుంది. దిగుడులో డ్రైవరు కాలు తీసిన మరుక్షణం గ్యాసు తెగిపోయే సోలినాయిడ్ వాల్వు, దానిని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె లేని అమరిక పనికిరానిదేనని దీనిని బట్టి గ్రహించవచ్చు. రెగ్యులేటరుకు ఒక గొట్టం తగిలించి ఎయిర్ ఫిల్టరు పక్కన దూర్చే షెడ్డు పనితనం ఈ కోవలోకే వస్తుంది.

వంటింటి సిలిండరు

చౌకగా దొరుకుతుందని వంటింటి ఎర్ర సిలిండరును బండిలో పెట్టే ఆలోచన కొందరిది. 14.2 కిలోల సిలిండరులో ఉన్న వేడిశక్తి సుమారు 18 లీటర్ల డీజిలుకు సమానం కనుక లెక్క నోరూరిస్తుంది. కానీ వంటకు ఇచ్చిన సిలిండరును వాహనానికి వాడడం 2000 సంవత్సరపు ఎల్‌పీజీ సరఫరా ఉత్తర్వును ఉల్లంఘించడమే. ఆ ఉత్తర్వు నిత్యావసర సరుకుల చట్టం కింద వచ్చింది. కేసు సంగతి అటుంచినా, ఎల్‌పీజీ గాలి కంటే బరువైనది. కారితే పైకి పోదు, జీపు అడుగున, సీట్ల కింద పేరుకుంటుంది. లోపల పదిమంది కూర్చుని, టాపు మీద మరి నలుగురు ఎక్కి, ఒకరు బీడీ ముట్టించే బండిలో ఇది ఎంతటి ముప్పో వేరే చెప్పనక్కరలేదు. 1995 జనవరిలో మొదలైన పాశర్లపూడి మంటలు 65 రోజులు రగలడం చూసిన ప్రాంతం ఇది. గ్యాసు అంటే ఏమిటో ఇక్కడి ప్రజలకు తెలియనిది కాదు.

చట్టం ఏమంటోంది

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఇంధనం మార్చే పని రవాణా శాఖ అనుమతితోనే జరగాలి. ఏ మోడలు వాహనానికి ఏ కిట్టు అన్నది పుణేలోని ఏఆర్‌ఏఐ వంటి పరీక్షా సంస్థల ఆమోదం పొంది ఉండాలి. మార్పును ఆర్.సి.లో రాయించుకోవాలి. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షను ప్రకారం, అనుమతి లేకుండా మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ఆర్.సి.లో డీజిలు అని ఉండి బండిలో గ్యాసు ఉంటే, ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీకి అదే సాకు అవుతుంది. చనిపోయినవారి కుటుంబాలు కోర్టుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

కొత్త బండ్ల విషయంలో 2022 ఆగస్టులో కేంద్ర రవాణా శాఖ వెలువరించిన ఉత్తర్వును జాగ్రత్తగా చదవవలసి ఉంది. మూడున్నర టన్నుల లోపు బీఎస్-6 వాహనాలకు సంబంధించినది ఇది. పెట్రోలు బండికి సీఎన్‌జీ లేదా ఎల్‌పీజీ కిట్టు బిగించుకోవచ్చునని చెప్పిన ఆ ఉత్తర్వు, డీజిలు బండి దగ్గరకు వచ్చేసరికి కిట్టు మాట ఎత్తలేదు. డీజిలు ఇంజను తీసి గ్యాసు ఇంజను పెట్టుకోవడం గురించే చెప్పింది. అంటే కొత్త టర్బో డీజిలు జీపు గాలిగొట్టంలోకి గ్యాసు ఊదే పనికి ఈ ఉత్తర్వును అడ్డం పెట్టుకోవడం కుదరదు. “గవర్నమెంటే పర్మిషన్ ఇచ్చింది” అని కిట్టు అమ్మజూపేవారి మాటలో సగం నిజమే ఉన్నదన్నమాట.

లెక్క తేలేదెలా

ఒక జీపు రోజుకు పది లీటర్ల డీజిలు తాగుతుందనుకుందాం. నాలుగో వంతు, అంటే రెండున్నర లీటర్ల బదులు సీఎన్‌జీ ఇచ్చారనుకుందాం. కిలో సీఎన్‌జీలోని వేడి సుమారు 1.35 లీటర్ల డీజిలుకు సమానం. కాబట్టి 1.85 కిలోల గ్యాసు కావాలి. కిలో గ్యాసు, లీటరు డీజిలు రెండూ 97 రూపాయలే అనుకుంటే రోజుకు మిగిలేది 63 రూపాయలు. నెలకు పాతిక రోజులు తిరిగితే 1,575 రూపాయలు. కిట్టు, సిలిండరు, బిగింపు కలిపి అరవై వేలయితే ఆ డబ్బు తిరిగి రావడానికి మూడేళ్ల రెండు నెలలు పడుతుంది. సీఎన్‌జీ సిలిండరుకు మూడేళ్లకు ఒకసారి ఒత్తిడి పరీక్ష చేయించాలి. అది 200 బార్ల ఒత్తిడి మోసే సిలిండరు కనుక పరీక్ష ఎగ్గొట్టడానికి వీల్లేదు. అంటే పెట్టుబడి తిరిగి రాకముందే మరో ఖర్చు గుమ్మంలో ఉంటుంది. దిగుడులో, స్టాండులో మండకుండా పోయిన గ్యాసును ఈ లెక్కలో కలపనే లేదు.

ఇంజను పూర్తిగా మార్చితే? ప్లగ్గు ఇంజను డీజిలు ఇంజనంత పొదుపుగా నడవదు. అయిదో వంతు వెనకబడి ఉంటుందనుకుంటే పది లీటర్ల డీజిలు చేసే పనికి సుమారు 9.3 కిలోల గ్యాసు కావాలి. ధరలు సమానమైతే రోజుకు ముప్పావు లీటరు డబ్బు కూడా మిగలదు. అదే 2021 ఫిబ్రవరి నాటి లెక్క వేరు. ఆ నెల 12న కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ ఢిల్లీలో సీఎన్‌జీకి మార్చిన డీజిలు ట్రాక్టరును ఆవిష్కరించి, రైతుకు ఇంధనం మీద ఏడాదికి లక్షకు పైగా మిగులుతుందని చెప్పినప్పుడు డీజిలు లీటరు సుమారు 77 రూపాయలు, సీఎన్‌జీ కిలో 42 రూపాయలు. ఆ ధరలకు పై జీపులో రోజుకు 380 రూపాయల వరకు మిగిలేది. ఆ తరువాత ఏమైంది? దేశంలో తీసే గ్యాసుకు ప్రభుత్వం నిర్ణయించే ధర 2022 ఏప్రిల్‌లో 6.10 డాలర్లకు, అక్టోబరులో 8.57 డాలర్లకు ఎగబాకింది. 2023 ఏప్రిల్‌లో 6.50 డాలర్ల వద్ద పైకప్పు వేసి, దానిని 2025 ఏప్రిల్‌లో మరో పావు డాలరు పెంచారు. కాబట్టి ఆదా అన్నది ఇంజనులో కంటే ఢిల్లీలో తేలే విషయమని స్పష్టమవుతోంది. తన ఊరి బంకులో ఆనాటి ధర చూసి ఎవరి లెక్క వారు వేసుకోవచ్చు.

ఆస్ట్రేలియాలో జరిగినదీ దాదాపు ఇదే. టర్బో డీజిలు జీపులకు ఎల్‌పీజీ ఊదే పద్ధతి అక్కడ ప్రచారంలో ఉంది. వాహనాలను ఎల్‌పీజీకి మార్చుకునేవారికి అక్కడి ప్రభుత్వం 2006లో రెండు వేల డాలర్ల సాయం ప్రారంభించింది. 2011 డిసెంబరు నుంచి వాహనాల ఎల్‌పీజీపై సుంకం విధించింది. 2014లో సాయం పథకమే ముగిసింది. ముందు సాయం, తరువాత సుంకం అన్న వరస అక్కడికే పరిమితం అనుకోవడానికి లేదు.

సీఎన్‌జీ పనికిరానిదని దీని అర్థం కాదు. ఫ్యాక్టరీలోనే గ్యాసు ఇంజనుతో తయారైన ఆటోలు, బస్సులు విజయవాడ వీధుల్లో తిరుగుతూనే ఉన్నాయి. చదునైన రోడ్డు, దగ్గరలో బంకు, రోజుకు ఎక్కువ కిలోమీటర్లు ఉన్నచోట అవి గిట్టుబాటే. సీఎన్‌జీ బంకులు మైదాన పట్టణాల చుట్టూనే ఎక్కువ. ఘాట్ల మీద జీపు నడిపేవాడు 60 లీటర్ల సిలిండరులో పట్టే తొమ్మిది, పది కిలోల గ్యాసు కోసం సీటు వెనుక చోటు వదులుకోవాలి. ఆ చోటులో కూర్చునే ఇద్దరి చార్జీ కూడా ఖర్చు కిందే లెక్క. కిట్టు అమ్మేవారి కాగితంలో ఈ పద్దు కనిపించదు.

పై లెక్క ప్రకారం గ్యాసుతో మిగిలే ఆరు శాతం డీజిలు, సవ్యంగా చూసుకోని బండిలో ఎలాగూ వృథా అవుతున్నదే. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోవడం, నాజిళ్లు అరిగి డీజిలు చుక్కలుగా కారడం, టైర్లలో గాలి తగ్గడం మన్యం బండ్లలో సర్వసాధారణం. బురద దారి దాటాక నాలుగు చక్రాల గేరు తీయకుండా తారు రోడ్డు మీద అలాగే నడిపే డ్రైవర్లూ ఉన్నారు. దీనితో డీజిలు ఎక్కువ కాలడమే గాక టైర్లు, ముందు యాక్సిలు త్వరగా అరుగుతాయి. లివరు వెనక్కి లాగడానికి రవాణా శాఖ అనుమతి అక్కరలేదు.