నీళ్ల మీది ఆటకు పైసలు ఎవరివి?

"సార్, తాడు తెగితే?" అని ఒక పిల్లగాడు అడిగిండు. "తాడు సంగతి తర్వాత, గా పడవల పెట్రోలు ఎవరు పోస్తరు సార్?" అని ఇంకో పిల్ల అడిగింది. ఇద్దరూ మా బడి పిల్లలే. టీవీలో ఒక ఆట చూసి వచ్చిన్రు. ముందు మోటారు పడవ ఉరుకుతుంటే దాని వెనక తాడు పట్టుకొని, కాళ్లకు పలకలు కట్టుకొని, మనిషి నీళ్ల మీద నిలబడి జారుతూ పోయే ఆట. వాటర్ స్కీయింగ్ అంటారు. మొదటి ప్రశ్నకు జవాబు సులువు. తాడు తెగితే నీళ్లలో పడతారు, ఈత వస్తే బతుకుతారు. రెండో ప్రశ్న మాత్రం మమ్మల్ని వదల్లేదు.

జహీరాబాద్ వాడల్లో కూర్చొని ఈ దొరల ఆటల ముచ్చట మనకెందుకు అని కొందరు మిత్రులు అంటారు. మాకూ మొదట అట్లనే అనిపించింది. కానీ నీళ్ల మాట వచ్చినచోట మనకు సంబంధం లేని ముచ్చట ఉంటుందా?

ఈ ఆట పుట్టింది 1922 జులైలో, అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, లేక్ సిటీ అనే చిన్న ఊళ్లో. రాల్ఫ్ శామ్యూల్సన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రవాడు ముందు పీపా చెక్కలతో చూసి, మంచు మీద జారే పలకలతో చూసి, చివరకు రెండు చెక్క పలకలను ముందు కొసలు వేడినీళ్లలో నానబెట్టి వంచుకున్నాడు. పాదాలు ఇరికించుకోవడానికి తోలు పట్టీలు కొట్టుకున్నాడు. అన్న పడవ నడిపితే తాడు పట్టుకొని నీళ్ల మీద లేచి నిలబడ్డాడు. అంతే. ఏ సంఘమూ లేదు, ఏ నిధీ లేదు.

దాదాపు అయిదేండ్లకు, 1927 మార్చి 20న, మహాడ్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ వేల మందితో చవదార్ చెరువు దగ్గరికి పోయి దోసెడు నీళ్లు తాగాడు. అక్కడ పిల్లగాడు నీళ్ల మీద నిలబడితే ఊరంతా చప్పట్లు కొట్టింది. ఇక్కడ మనోళ్లు నీళ్లు ముట్టుకుంటే కట్టెలు పట్టుకొని కొట్టిన్రు. తర్వాత 108 కుండల పేడ, మూత్రం, పాలు, పెరుగు పోసి చెరువును 'శుద్ధి' చేసిన్రు. పేడతో శుద్ధి అయ్యే నీళ్లు మన చేతులతో మైలపడ్డాయట! ఆ చెరువు మీద మన హక్కు కోర్టులో తేలడానికి 1937 దాకా పట్టింది.

తాడు, తోలు, నీళ్లు. ఈ మూడూ మనకు కొత్తవా? కరెంటు మోటార్లు రాకముందు మన ఊళ్లలో మోట బావి పారాలంటే తోలు తొండం కుట్టింది మాదిగలు. వార తెగినా, మోకు పాడైనా పిలుపు వచ్చింది మాదిగవాడకే. ఆ తొండంతో పైకొచ్చిన నీళ్లను ముట్టే హక్కు మాత్రం కుట్టినవాడికి లేదు. చెరువు తూము తీసి, ఏ మడికి ఎంత పారాలో చూసి, వానకాలం రాత్రుళ్లు కట్ట మీద కావలి పండుకున్న నీరడి ఎవరు? మన వాడోడే. ఈత సంగతి చెప్పాలంటే, మేము చిన్నప్పుడు ఎండకాలం ఊరి పిల్లలు దూకే బావిలో దూకబోతే, గడ్డ మీది పెద్దమనిషి రాళ్లు ఏరుకున్నాడు. మేము బర్లు పండే కుంటలో ఈత నేర్చుకున్నాం. నేర్చుకోనోళ్లు నేర్చుకోకుండానే పెద్దయ్యారు.

సరే, పైసల ముచ్చట. ఆట సంఘంగా మారగానే ఖర్చు మొదలవుతుంది. అమెరికాలో 1939లో ఈ ఆటకు దేశవ్యాప్త సంఘం ఏర్పడింది, 1946లో ప్రపంచ సమాఖ్య వచ్చింది. 1972 మ్యూనిచ్ ఒలింపిక్స్‌లో ప్రదర్శన ఆటగా పెట్టిన్రు గానీ పతకాల పట్టికలోకి రానియ్యలేదు. ఒలింపిక్ ఆట కాకపోతే ప్రభుత్వం చెయ్యి పెద్దగా విదల్చదు. అందుకని ఈ సంఘాలు ఎక్కడైనా నాలుగు దారుల్లో బతుకుతాయి. సభ్యత్వ రుసుము, ఒక్కో విడత లాగినందుకు ఇంత అని వసూలు, పడవల కంపెనీలు ప్రచారానికి ఇచ్చే పడవలు, అడపాదడపా సర్కారు గ్రాంటు. బ్రిటన్‌లో ఇంకో దారి ఉంది. 1994లో మొదలైన జాతీయ లాటరీ సొమ్ములో ఒక పాలు ఆటలకు పోతుంది. లాటరీ టికెట్టు కొనే చేతులు ఎటువంటివో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

చెరువు అందరిది, గ్రాంటు అందరి పన్నుల్లోంచి వచ్చేది, సభ్యత్వం మాత్రం కొందరిది. ఈ లెక్క చూడకుండా ఆట మంచిదా చెడ్డదా అని కొట్లాడుకోవడం మాకు దండగ అనిపిస్తుంది.

మన రాష్ట్రానికి వద్దాం. హుస్సేన్‌సాగర్ మీద నీళ్లాట అంటే తాడాట కన్నా తెరచాప పడవలదే పెద్ద చరిత్ర. దాన్ని పెంచింది మిలటరీ వాళ్లు. సికింద్రాబాద్ ఈఎంఈ సెయిలింగ్ సంఘం చేతిలో అది చాలాకాలం నడిచింది. 2009లో సుహేమ్ షేక్ అనే ఆయన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పెట్టాడు. దాతల సాయంతో రసూల్‌పుర వంటి బస్తీల పిల్లలకు పడవ నేర్పడం మొదలుపెట్టిన్రు. అట్లా వచ్చిన ప్రీతి కొంగర 2023 హాంగ్జౌ ఆసియా క్రీడల దాకా పోయింది. మంచి పని, మెచ్చుకోవాల్సిందే. 2014లో మన గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కితే ఊరూరా స్వీట్లు పంచుకున్నాం కదా. అవకాశం ఇస్తే కొండైనా నీళ్లైనా మనకు ఒకటే.

కానీ దాత మనసు మారితే? కంపెనీ లాభం తగ్గితే? దయ మీద నడిచే పడవకు తాడు ఎప్పుడూ వేరేవాళ్ల చేతిలోనే ఉంటుంది. అందుకే మేము బడ్జెట్ అడుగుతున్నాం. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సమాజం పనులకు పెట్టాలి. ఆ జాబితాలో గ్రామీణ ఆటల శిక్షణ కూడా ఉంది. జహీరాబాద్ చుట్టూ ఫ్యాక్టరీలు తక్కువేం లేవు.

ఇక్కడే ఒక ప్రమాదం గురించి చెప్పాలి. ఆటల పేరుతో మన పైసలే తీసి ఖర్చు పెట్టిన చరిత్ర ఉంది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలకు దళితుల ప్రత్యేక అంశ ప్రణాళిక నిధుల నుంచి 678 కోట్ల పైచిలుకు మళ్లించిన్రు. ఆ ఏడాది ఆగస్టులో రాజ్యసభలో హోంమంత్రి చిదంబరమే ఒప్పుకున్నాడు. హాస్టల్ పిల్లల దుప్పట్లకు, వాడల మంచినీళ్లకు పోవాల్సిన సొమ్ము స్టేడియంలకు పోయింది. ఆ తర్వాత కొట్లాడంగ కొట్లాడంగ 2013లో మన రాష్ట్రంలో సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. 2017లో తెలంగాణ సర్కారు దాన్ని ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టంగా మార్చింది. రేపు ఏ నీళ్లాట కేంద్రమైనా పెట్టి, నలుగురు మన పిల్లల ఫోటో తీసి, ఖర్చంతా మన నిధిలో రాస్తే ఊరుకుందామా? మన పిల్లలకు ఆట నేర్పాలి, కానీ ఆటల శాఖ పైసలతో నేర్పాలి. ఈ రెండూ ఒకే నోటితో అడగాలి.

ఇప్పుడు సింగూరు. మంజీర మీద కట్టిన ఆ ప్రాజెక్టులో దాదాపు 30 టీఎంసీల నీళ్లు పడతాయి. హైదరాబాద్ దూప తీర్చడానికి కట్టిన్రు. భూములు పోయింది మన మెదక్ పల్లెలవి, కూలి పని పోయింది భూమి లేని మనోళ్లది, నల్లా తిప్పింది పట్నం. అంత నీళ్లు చూస్తే రేపో మాపో ఎవరో ఒకరు పడవలు, రిసార్టులు అని వస్తారు. వచ్చినప్పుడు అడగాల్సినవి ఇప్పుడే అనుకుందాం. తాగే నీళ్లలో పెట్రోలు పడవ తిప్పుతామంటే మేము ఒప్పుకోము. తెరచాపకు పెట్రోలు అక్కర్లేదు. తాడాటే కావాలంటే 1960 ప్రాంతంలో జర్మనీలో బ్రూనో రిక్సెన్ అనే ఇంజినీరు ఒక ఉపాయం కనిపెట్టాడు. చెరువు చుట్టూ స్తంభాలు పాతి, తీగ కట్టి, కరెంటు మోటారుతో తిప్పుతారు. పడవ ఉండదు, ఒకేసారి చాలామంది ఆడొచ్చు. చేపలు పట్టే ముదిరాజ్, గంగపుత్ర అన్నల వలలకు అడ్డం రాకుండా జాగా నిర్ణయించాలి. వాళ్ల పొట్ట కొట్టి మన పిల్లలు ఆడే ఆట మనకొద్దు.

సంఘం రిజిస్టరు చేయడానికి చట్టప్రకారం ఏడుగురు చాలు. ఆ ఏడుగురు పట్నం నుంచే ఎందుకు రావాలి? జలాశయం మీద పడవలకు ఇప్పటిదాకా ఎవరికి అనుమతి ఇచ్చిన్రు, ఎంత కిరాయికి ఇచ్చిన్రు అని సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నోళ్లకు ఫీజు కూడా లేదు. దరఖాస్తు రాసిపెట్టడానికి మాలో ఎవరైనా వస్తారు, కబురు పంపండి.

అన్నిటికన్నా ముందు ఈత. వచ్చే సంచిక లోపు మీ వాడలో ఈత వచ్చిన పిల్లలు ఎందరో, అందులో ఆడపిల్లలు ఎందరో, ఎక్కడ నేర్చుకున్నారో రాసి పంపండి. మా బడిలో మేము అడిగి చూసినం. ఆడపిల్లల్లో ఈత వచ్చినోళ్లు ఇద్దరే. ఇద్దరూ బర్లను కడగడానికి చెరువుకు పోయేటోళ్లు.