మూడో తుపాకీ: పరువు కోసం దాచుకోబాకండి, పట్టపగలు అమ్ముకోండి



ఈసారి రాసేది మిర్చి రేటు గురించి కాదు, రొయ్యల చెరువుల గురించీ కాదు. పాత తుపాకుల గురించి. "మాకేం తుపాకులున్నాయి, మాకెందుకు" అని దాటెయ్యబాకండి. మన జిల్లాలో మిలిటరీలో చేసి వచ్చిన కుటుంబాలు తక్కువేం కాదు. తాతల నాటి లైసెన్సు తుపాకీ ఉన్న ఇళ్ళూ ఉన్నాయి. మీ ఇంట్లో లేకపోయినా మీ వియ్యంకుడి ఇంట్లో ఉండొచ్చు. చదివి వాళ్ళకి చెప్పండి.

మిలిటరీ నుంచి రిటైరైన ఒక పెద్దాయన ఈ మధ్య నన్ను అడిగాడు. "అబ్బాయా, నా దగ్గర మూడుండేవి. బ్యాంకులో కాపలా ఉద్యోగానికి కొన్న డబుల్ బ్యారెల్ ఒకటి, మా నాయన ఇచ్చిన సింగిల్ బ్యారెల్ ఒకటి, సరదా పడి కొనుక్కున్న .315 రైఫిల్ ఒకటి. కొత్త చట్టం వచ్చాక రైఫిల్‌ని డీలర్ దగ్గర పెట్టా. అప్పట్నించీ అద్దె కడతానే ఉన్నా. అమ్మాలంటే మనసొప్పట్లా. ఏం చేయమంటావు?"

నేను చెప్పిన మాట ఒక్కటే. అమ్మెయ్ బాబాయ్. కాకపోతే ఎవరికి, ఎట్టా అనేది చూసి అమ్ము. ఎందుకో ఇక్కడ వివరంగా రాస్తున్నా.

ముందు చట్టం సంగతి. 1959 ఆయుధాల చట్టం కింద ఒక మనిషికి మూడు తుపాకుల దాకా ఉండొచ్చని 1983 సవరణలో పెట్టారు. 2019 డిసెంబరులో మళ్ళీ సవరించి రెండుకి దించారు. మూడోది ఉన్నవాళ్ళు ఏడాది లోపల, అంటే 2020 డిసెంబరు 13 లోగా, దగ్గరి పోలీస్ స్టేషన్లో గానీ లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర గానీ అప్పజెప్పాలన్నారు. ఆ తర్వాత 90 రోజుల్లో దాని లైసెన్సు రద్దు. వారసత్వంగా వచ్చినదైనా అంతే, రెండు దాటడానికి లేదు. లైసెన్సు లేకుండా ఇంట్లో దొరికితే శిక్ష రెండేళ్ళ నుంచి అయిదేళ్ళు.

ఇప్పుడు మనోళ్ళు చెప్పే సాకులు చూద్దాం.

మొదటిది పరువు. "మా తాత తుపాకీ అయ్యా, అమ్ముకుంటే ఊళ్ళో ఏమనుకుంటారు?" ఏమీ అనుకోరు. తాత రెండెకరాలు కొన్నాడు, తుపాకీ కూడా కొన్నాడు. ఆ రెండెకరాలు ఆడపిల్ల పెళ్ళికి అమ్మినప్పుడు పోని పరువు ఈ ఇనప గొట్టంతో పోతుందా? అసలు ఆ తుపాకీ మీ గోడ మీద ఉందా? ఎలక్షన్ వచ్చినప్పుడల్లా సంచిలో చుట్టుకొని పోయి స్టేషన్లో ఇచ్చి రసీదు తెచ్చుకుంటున్నారు. ఆ రసీదుకా పరువు?

రెండోది పంట కాపలా. అడవి పందుల బాధ నాకు తెలియక కాదు. కానీ చేతిలో లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు. అది వన్యప్రాణి చట్టం కింద ఉంది. దాన్ని కాల్చాలంటే అటవీ శాఖ అనుమతి వేరే కావాలి. పైగా పంట కాపలాకని చట్టం చెప్పేది మందు కూరే నాటు తుపాకీ, లేదంటే 20 అంగుళాలకు తగ్గని బ్యారెల్ ఉన్న మామూలు తుపాకీ. రైఫిల్ కాదు. ఇక డీలర్ బీరువాలో ఉన్న రైఫిల్ మీ చేలో పందిని ఎట్టా తోలుతుంది?

మూడోది "రేటు పెరుగుద్ది, ఆగుదాం" అనేది. ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదా? గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు పెట్టి, అద్దె కట్టుకుంటా, రేపు పెరుగుద్ది ఎల్లుండి పెరుగుద్ది అని కూర్చుంటాం గదా, అదే ఇది. మిర్చికన్నా కొనేవాళ్ళు పది మంది ఉంటారు. తుపాకీ కొనాలంటే అవతలి మనిషికి లైసెన్సు ఉండాలి, ఆ లైసెన్సులో ఖాళీ ఉండాలి. రెండుకి దించిన రోజునే దేశమంతా మూడోవి బయటికొచ్చినయి, కొనేవాళ్ళకి ఖాళీలు తగ్గినయి. అమ్మేవాళ్ళు ఎక్కువై కొనేవాళ్ళు తక్కువైతే రేటు ఏమవుద్దో పొగాకు రైతుకి చెప్పాలా? వేలంలో "నో బిడ్" అని బేలు పక్కకి తోసినప్పుడు ఒంగోలు రైతు మొహం చూసినవాళ్ళం మనం.

అందుకే ఆగితే లాభం లేదు. మరి అమ్మాలంటే దారులేంటి?

డీలర్‌కి అమ్మటం ఒక దారి. కాగితాలన్నీ ఆయనే చూసుకుంటాడు, తలనొప్పి తక్కువ. కానీ రేటు ఆయన చెప్పిందే. సరుకు ఆయన బీరువాలోనే ఉంది, అద్దె బాకీ ఆయనకే ఉంది, ఇక మనకి బేరమాడే జాగా ఏది? కమీషన్ కొట్టువాడి దగ్గర అప్పు తీసుకొని పంట కూడా ఆయనకే పోసినట్టు. అందుకని ఒక్క డీలర్ మాట వినబాకండి. ముగ్గురిని అడగండి.

లైసెన్సు ఉన్న మనిషికి నేరుగా అమ్మటం రెండో దారి. ఇది చాలామందికి తెలియదు. మన సొంత వాడకానికి చట్టప్రకారం ఉన్న తుపాకీని డీలర్ లైసెన్సు లేకుండానే ఇంకో అర్హుడికి అమ్ముకోవచ్చు, సెక్షన్ 5 ఒప్పుకుంటుంది. షరతు ఏంటంటే, అమ్మబోతున్న సంగతి, కొనేవాడి పేరు, అడ్రసు రాసి జిల్లా మేజిస్ట్రేట్‌కి గానీ దగ్గరి స్టేషన్ అధికారికి గానీ ఇవ్వాలి. ఇచ్చాక 45 రోజులు ఆగాలి. ఆ తర్వాతే తుపాకీ చేతులు మారాలి. మన లైసెన్సు పుస్తకంలో ఆ నంబరు కొట్టించుకోవాలి, వాళ్ళ పుస్తకంలో ఎక్కించాలి. ఓపిక కావాలి గానీ రేటు మనం మాట్లాడుకోవచ్చు. లైసెన్సు ఇంకా బతికున్న తుపాకీకి నా ఓటు దీనికే. లైసెన్సు పోయి డిపాజిట్‌లో ఉన్నదైతే, గడువు లోపల అమ్ముకొని ఆ డబ్బు తీసుకునే హక్కు సెక్షన్ 21 ఇస్తుంది. గడువు దాటితే ప్రభుత్వానికి జప్తు. కాబట్టి ముందు కలెక్టరాఫీసులో మీ తుపాకీ లెక్క ఏముందో రాతపూర్వకంగా అడగండి.

మూడో దారి చీకటి దారి. "కాగితాలెందుకు మామా, డబ్బు ఇప్పుడే తీసుకో" అని ఒకడొస్తాడు. డీలర్ చెప్పినదానికి రెండింతలు ఇస్తానంటాడు. ఆలోచించండి, లైసెన్సు లేనోడు అంత డబ్బు పోసి తుపాకీ ఎందుకు కొంటాడు? అది రేపు ఎవరి గుండెల్లో పేలినా బ్యారెల్ మీద నంబరు మీ పేరే చెబుతుంది. ఆ అమ్మకానికి శిక్ష 7 ఏళ్ళ నుంచి యావజ్జీవం దాకా. రాజస్థాన్ శ్రీగంగానగర్ సంగతి చూడండి. సైన్యం వాడకంలో లేని తుపాకుల్ని అధికారులు సొంతానికని కొనుక్కొని బయట అమ్ముకున్నారన్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అంత పెద్ద అధికారులకే తప్పలేదు, మనమెంత?

ఇంకో మాట. పాత .303 రైఫిల్, 7.62, .410 మస్కెట్ లాంటి మిలిటరీ, పోలీసు రకాలు నిషేధిత కోవలోకి వస్తాయి. వాటికి లైసెన్సు కలెక్టర్ ఇచ్చేది కాదు, ఢిల్లీలో హోం శాఖ ఇవ్వాలి. కొనేవాళ్ళు దొరకటం దుర్లభం. అటువంటిది ఏ అటక మీదన్నా బయటపడితే బేరం పెట్టబాకండి, ఫోటో తీసి ఫోన్లలో తిప్పబాకండి. నేరుగా స్టేషన్లో అప్పజెప్పి రసీదు తీసుకోండి.

ఇంతవరకు మనకి చెప్పా. ఇప్పుడు ప్రభుత్వానికి.

తుపాకులు తగ్గాలంటే తగ్గించండి, నేను వద్దనను. కానీ నిన్నటిదాకా మీరే లైసెన్సు ఇచ్చి, మీరే ఫీజు కట్టించుకొని కొనిచ్చిన వస్తువు అది. రాత్రికి రాత్రి మిగులు చేసి, పోయి అప్పజెప్పు అంటే దాని ఖరీదు ఎవడిస్తాడు? ఆ సవరణలో నష్టపరిహారం అనే మాటే లేదు. ఆస్ట్రేలియాలో 1996లో పోర్ట్ ఆర్థర్ కాల్పుల తర్వాత తుపాకులు తగ్గించాలనుకున్నారు. జనం మీద చిన్న పన్ను వేసి మరీ డబ్బిచ్చి, దాదాపు 6.5 లక్షల తుపాకులు కొని కరిగించారు. న్యూజిలాండ్ 2019లో అదే చేసింది. అమెరికా సంగతి వేరు, అక్కడ సైన్యం పాత గారాండ్ రైఫిళ్ళని జనానికే అమ్మే సంస్థ ఉంది. మనకి అది వద్దు. కానీ తీసుకునేటప్పుడు ఖరీదు కట్టటం న్యాయం గదా? భూమి తీసుకుంటే పరిహారం ఇస్తారు, చెట్టు కొట్టేస్తే లెక్క కడతారు. తుపాకీకి ఎందుకు కట్టరు?

అంత డబ్బు లేదంటారా, సరే. జిల్లాకి ఒక రోజు పెట్టండి. లైసెన్సు ఉన్నవాళ్ళని, డీలర్లని అందరినీ ఒక చోటికి పిలిచి, పోలీసుల ఎదుటే వేలం వేయండి. పొగాకుకి బోర్డు వేలం పెట్టగలిగినోళ్ళు దీనికి పెట్టలేరా? బేరం వెలుతురులో జరిగితే చీకట్లో డబ్బు సంచితో తిరిగేవాడికి పనుండదు. ప్రభుత్వం కోరుకునేదీ అదే గదా.

అది వచ్చేదాకా మన జాగ్రత్త మనది. పెద్దవాళ్ళున్న ఇళ్ళలో ఒక మాట చెప్పండి. లైసెన్సు ఉన్నాయనకి 70 ఏళ్ళు నిండినా, తుపాకీ తీసుకొని 25 ఏళ్ళయినా, వారసుడు తన పేరుకి మార్చమని అర్జీ పెట్టుకోవచ్చు. ఆయన బతికుండగానే మార్చడమో అమ్మడమో తేల్చుకోండి. ఆయన పోయాక దుఃఖంలో ఉన్న ఆడమనిషి మంచం కింద లైసెన్సు లేని తుపాకీ మిగిలితే, తెలియక ఉంచుకున్నా కేసు ఆమె మీదే. ఆ ఇంటికి మీరు మిగిల్చేది తుపాకీ కాదు, కోర్టు వాయిదాలు.

ఆ బాబాయ్‌కి చెప్పిందే మీకూ చెబుతున్నా. కాగితం రాయండి, రసీదు తీసుకోండి, 45 రోజులు ఆగండి, పట్టపగలు అమ్మండి. అద్దె కట్టే డబ్బుతో చేనుకి ఎరువు కొనుక్కోండి.

మీ ఊళ్ళో ఇట్టాంటి ఇల్లుంటే వాళ్ళకి ఇది చదివి వినిపించండి.