మొబైల్ సర్వేలు: గడిలో ఇమడని మాట

మొబైల్ పరికరంతో జరిపిన సర్వే దోషరహితమన్న వాదం నిలిచేది కాదు. 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రజాసాధికార సర్వేను ట్యాబ్‌లతోనే నిర్వహించింది. వీటిలో కాలం, స్థలం వాటంతటవే నమోదవుతాయి, కూడికలు తప్పవు. ఈ మేళ్లను ఎవరూ కాదనరు. సమాధానం చెక్కుచెదరక చేరినంత మాత్రాన ప్రశ్న సరియైనదని మాత్రం చెప్పలేము.

నూజివీడు మామిడి తోటలనే చూడవచ్చు. ‘తోట ఎవరి చేతిలో ఉంది?’ అన్న ప్రశ్నకు తెరమీద యజమాని, కౌలుదారు అని రెండే గడులుంటే, పూతమీదనే కాపును గుత్తకు కొన్న వర్తకుడు ఎందులో ఇముడుతాడు? అతనికి భూమితో పని లేదు. గాలివానకు కాయ రాలితే నష్టం అతనిదే. కాగితమైతే సేకర్త అంచున ఒక వాక్యం రాసుకొనేవాడు. తెరపై ఏదో ఒక గడి నొక్కనిదే తరువాతి ప్రశ్న రాదు. పేర్ల సంగతీ అంతే. జాబితాలో తోతాపురి అని ఉంటే, తోటలో వినిపించే ‘కలెక్టరు’ దత్తాంశంలో మిగలదు.

తెలుగు శాఖలు దీనిని ఇతర శాస్త్రాల గొడవగా వదిలివేయరాదు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటానికి వ్యవసాయపదాలు రైతుల నోటనే దొరికాయి. ముందే కూర్చిన జాబితానుండి ఎంచుకొమ్మంటే ఆ కోశమే లేదు. చేతిలోని పరికరానికి ధ్వనిముద్రణ శక్తి ఉన్నది. ముందు వక్త మాటను ముద్రించి, వర్గీకరణ తరువాత చేసుకోవచ్చు. అందుకు కాలం చాలదనడం సోమరితనమే.