ఆకు ముడిస్తే కొంప మునగదు

పెరట్లోనో డాబా మీదో నాలుగు టమాటా మొక్కలు వేసుకున్న ఇల్లాలికి పురుగుల బెడద కంటె సలహాల బెడద ఎక్కువ. ఆకు కాస్త ముడవగానే గోడ అవతలి వదినగారు "మందు కొట్టించండి" అంటారు. పై వాటా పిన్నిగారు కోడిగుడ్డు పెంకులు వెయ్యమంటారు. మావారు ఇదేమీ వినకుండా ఏదో సీసా పట్టుకొచ్చేస్తారు. ఇది ఏ జబ్బుకండీ అంటే, "అన్నిటికీ పనిచేస్తుందని కొట్టువాడు చెప్పాడు" అంటారు. అన్నిటి మీదా ఒకేలా పనిచేసేదాన్ని మందు అనరు, విషం అంటారు.

నేననేది ఒక్కటే. ఇంటి టమాటాకి వచ్చే ఇబ్బందుల్లో చాలావాటిని జబ్బులనడానికే వీల్లేదు, వాటికి మందు అక్కర్లేదు. నిజంగా మొక్క ప్రాణం తీసే జబ్బులకేమో మందు లేదు. మధ్యన మిగిలిన చిల్లర పురుగులకి మన పది వేళ్ళూ, కాసిని వేపగింజలూ చాలు. ఇంక ఆ సీసాకి మనింట్లో చోటెక్కడ?

పూత రాలడమే చూడండి. ఏప్రిల్, మే నెలల్లో మొక్క పచ్చగానే ఉంటుంది, పువ్వు మాత్రం నిలవదు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే టమాటా పువ్వు పిందె కట్టదు. దక్షిణ అమెరికా కొండసీమల్లో పుట్టిన మొక్క అది. మన అమ్మమ్మలు రామములగ అని పిలిచినంత మాత్రాన దానికి బెజవాడ ఎండలు అలవాటైపోతాయా! దీనికి మందు పంచాంగంలో ఉంది. వినాయక చవితి వెళ్ళాక నారు పోసుకుంటే సంక్రాంతికి కాయలు కోసుకోవచ్చు.

ఇక కాయ అడుగున నల్లమచ్చ. అది పక్క మొక్కకి అంటుకుంటుందని హడలిపోతారు గానీ, అంటదు. కాయ చివరికి కాల్షియం అందకపోవడం వల్ల వచ్చే మచ్చ అది. చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటూనే ఉంటుంది. దాన్ని కాయదాకా మోసుకుపోవాల్సింది నీళ్ళు. మనం ఒకనాడు ముంచేసి మూడునాళ్ళు ఎండగడితే ఆ మోత సాగదు. గుడ్డు పెంకులు మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది, అవి ఈ వారం కాయని ఏం ఉద్ధరిస్తాయి? కాయ పగుళ్ళు కూడా అంతే, ఎండిన మొక్కకి ఒక్కసారిగా నీళ్ళు తగిలితే వచ్చేవే. రోజూ పొద్దున్నే సమంగా నీళ్ళు పోసి, మొదట్లో ఎండుటాకులు కప్పితే రెండూ తగ్గుతాయి.

ఆకుముడత రెండు రకాలు. కింది ముదురాకులు పచ్చగా ఉండి గొట్టంలా చుట్టుకుంటే అది ఎండ కాచుకోవడమే, జబ్బు కాదు. పైన కొత్త చిగుళ్ళే చిన్నవైపోయి, అంచులు పసుపుబారి, మొక్క గిడసబారితే మాత్రం అది వైరస్, తెల్లదోమ మోసుకొచ్చింది. వైరస్ సోకిన మొక్కని బతికించే మందు ఏ కొట్లోనూ లేదు. పీకి, సంచీలో మూటకట్టి పారెయ్యడమే.

పచ్చగా ఉన్న మొక్క రెండురోజుల్లో నిలువునా వాడిపోయిందా? మొదట్లో కాండం కోసి, గాజుగ్లాసులో నీళ్ళు పోసి ఆ ముక్కని అందులో ఉంచండి. కాసేపటికి పాలదారంలా తెల్లగా దిగితే అది బాక్టీరియా తెచ్చిన వాడు తెగులు. దానికీ మందు లేదు. ఆ మట్టిలో మళ్ళీ టమాటాగానీ, వంకాయగానీ, మిరపగానీ వెయ్యకండి. ముందే విత్తనం దగ్గర జాగ్రత్తపడటం మేలు. బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారి అర్క రక్షక్ రకం ఆకుముడత వైరస్‌నీ, ఈ వాడు తెగులునీ, ఆకుమచ్చనీ తట్టుకోవడానికి తయారుచేసిందే.

మిగిలినవి చిల్లర తగాదాలు. కింది ఆకుల మీద గుండ్రంగా, వలయాలు వలయాలుగా మచ్చలొస్తే ఆ ఆకులు తుంచేసి, ఇకమీదట నీళ్ళు ఆకుల మీద పడకుండా మొదట్లో పొయ్యండి. కాయకి బెజ్జం పడితే లోపల పురుగుంది, ఆ కాయ తీసెయ్యండి. పక్కన రెండు బంతిమొక్కలుంటే ఆ పురుగు తల్లి గుడ్లు పెట్టడానికి బంతిపువ్వు మీదికి పోతుంది. తెల్లదోమకి పసుపురంగు అట్టముక్క మీద ఆముదం పూసి వేలాడదీస్తే వచ్చి అంటుకుంటుంది. అప్పటికీ తగ్గకపోతే 50 గ్రాముల వేపపప్పు దంచి, లీటరు నీళ్ళలో రాత్రంతా నానేసి, వడకట్టి, చిటికెడు సబ్బుపొడి కలిపి, సాయంత్రంపూట ఆకుల అడుగు తడిసేలా చల్లండి.

"ఒక్కసారి కొడితే ఏమవుతుందమ్మా" అంటారు. ఏమవుతుందో చెబుతాను. పురుగుమందు కొట్టాక ఇన్నిరోజులదాకా కాయ కొయ్యకూడదని డబ్బా మీదే రాసుంటుంది. ఆ రాత మన నాలుగేళ్ళ మనవడు చదవలేడు గదా! కాయ ఎర్రబడిందంటే చాలు, తుంచి చొక్కాకి తుడుచుకుని నోట్లో వేసుకుంటాడు. మోనోక్రోటోఫాస్ అనే మందుని కూరగాయల మీద వాడరాదని మన ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. 2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిన్న బడిపిల్లలు 23 మంది చనిపోయారు. ఆ వంటలో కలిసింది ఆ మందే అని పరీక్షల్లో తేలింది. అలాంటి సీసాలు మన మెట్ల కింద కిరసనాయిలు డబ్బా పక్కనా, బాత్రూములో ఫినాయిలు పక్కనా ఉండటమా!

రైతుని నేనేమీ అనటం లేదు. ఎకరాల మీద కడుపు కట్టుకున్నవాడి లెక్క వేరు. ఒక్క పంట పోతే అతని ఇల్లే గుల్లవుతుంది. మన నాలుగు కుండీల్లో ఒకటి చస్తే పోయేది గుప్పెడు మట్టీ, పదిరోజుల పచ్చడీ. అతని అవసరాన్ని మనం ఫ్యాషన్‌గా అరువు తెచ్చుకోవడం దేనికి?

"ఇంత తంటా దేనికి, కొనుక్కుంటే పోదూ" అనేవాళ్ళూ ఉన్నారు. 2023 జూలైలో చాలా ఊళ్ళలో కిలో నూరు దాటినప్పుడు ఆ మాట అన్నవాళ్ళే పప్పులో చింతపండు పిండుకున్నారు. అయినా నా పట్టుదల డబ్బు గురించి కాదు. బజారు కాయ మీద ఎవరు, ఎప్పుడు, ఏం చల్లారో మనకి తెలీదు. పెరటి కాయకున్న గొప్పల్లా అది తెలియడమే. ఆ ఒక్క గొప్పనీ చేతులారా పాడుచేసుకునే మాటైతే, సంచీ తీసుకుని బజారుకే వెళ్ళండి, నడకైనా దక్కుతుంది.