క్లిప్పులున్నాయని వేణువు అటకెక్కించాలా?

నలభై దాటిన ఆడమనిషి పళ్ళకి క్లిప్పులు వేయించుకుంటే చుట్టాలడిగే ప్రశ్న ఒకటే: "ఇప్పుడెందుకమ్మా?" నలభైకి దగ్గరపడ్డాక సంగీతం మొదలుపెట్టినా అదే ప్రశ్న. రెండు పనులూ ఒకే మనిషి చేస్తుంటే మాత్రం ప్రశ్న పోయి సలహా వస్తుంది. "క్లిప్పులు తీసేదాకా ఆ ఫ్లూట్ పక్కన పెట్టరాదూ? రెండేళ్ళేగా!" మావారు, మా ఆడపడుచు, చివరికి మా పనమ్మాయి కూడా ఇదే మాట. అందరూ నా మంచి కోరే అన్నారు. అయినా ఆ సలహా సరైంది కాదని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా వినండి.

ముందు నా సంగతి. నాకిప్పుడు నలభై నాలుగు. వేణువు పట్టి ఐదేళ్ళయింది. వారానికి రెండు రోజులు మాస్టారి దగ్గర క్లాసు, రోజూ పొద్దున్న బాక్సులు సర్ది అందర్నీ పంపించాక ఓ ముప్పావుగంట సాధన. సరళీ స్వరాలతో మొదలై, గీతాలు దాటి, వర్ణాల్లోకి వచ్చాను. క్లిప్పులు అందం కోసం వేయించుకోలేదు (అందం కోసమైతే మాత్రం తప్పేముంది?). కింది వరస ముందు పళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి, బ్రష్ దూరక, చిగుళ్ళు వాచి రక్తం వస్తుంటే సరిచేయించుకోవాల్సిందే అన్నారు. ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు పడుతుందన్నారు.

క్లినిక్‌లో నింపిన కాగితంలో వృత్తి అని ఒక గడి ఉంది. 'గృహిణి' అని రాశాను. అంతే, ఇంక నన్నెవరూ ఏమీ అడగలేదు. పక్క కుర్చీలో పదమూడేళ్ళ పిల్లాడున్నాడు. వాణ్ణి మాత్రం ఏం ఆటలాడతావని అడిగి, ఆడేటప్పుడు నోట్లో గార్డు పెట్టుకోమని జాగ్రత్తలు చెప్పారు. మంచిదే, పిల్లల్ని అడగాల్సిందే. కానీ నోటితో చేసే పని నాకూ ఏదైనా ఉండొచ్చని ఒక్కరికీ తోచలేదు. కూరలో ఉప్పు చూడ్డం తప్ప గృహిణి నోటికి ఇంకేం పనుంటుంది! నేనే చెప్పాను, "డాక్టరుగారూ, నేను ఫ్లూట్ వాయిస్తాను" అని. "హాబీయేగా, కొన్నాళ్ళు ఆపండి" అన్నారాయన నవ్వుతూ.

నాకు కోపం వచ్చింది అక్కడే. ఎందుకంటే దారులు లేక కాదు. తీసి పెట్టుకునే అలైనర్లున్నాయి. రోజుకి 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలి కాబట్టి వాయించే కాసేపూ తీసేయొచ్చు. పళ్ళ వెనకవైపు అతికించే క్లిప్పులున్నాయి. అవి పెదవికి తగలవు, కాకపోతే నాలుకకి కొన్నాళ్ళు నరకం. ఇవన్నీ అందరి పళ్ళకీ కుదరవు, ఖర్చు కూడా ఎక్కువ. లెక్కలన్నీ చూసుకుని నేను మామూలు క్లిప్పులే ఎంచుకున్నాను. అది వేరే విషయం. మనం వాయిద్యం వాయిస్తామని వినగానే అవతలివాళ్ళు చెప్పాల్సింది ఈ లెక్కలు, ఆపేయమని కాదు.

ఇక అసలు సంగతి, క్లిప్పులతో వేణువు పలుకుతుందా?

మన వేణువుకి సన్నాయికున్నట్టు పీక ఉండదు. వెదురుకి ఒక రంధ్రం, దాని అంచు, మన పెదాలు, అంతే. ఊపిరి పలచటి పొరలా వెళ్ళి ఆ అంచుకి తగిలి చీలితేనే నాదం పుడుతుంది. అంటే సగం వాయిద్యం మన పెదాలే. ఇప్పుడు పళ్ళ మీద రెండు మిల్లీమీటర్ల లోహం అతికించారనుకోండి, పెదవి ఆ మేరకు ముందుకొస్తుంది. చెప్పుకోడానికి రెండు మిల్లీమీటర్లేగానీ వేణువు దగ్గర అది చాలా దూరం. కింది పెదవి రంధ్రాన్ని ఎక్కువగా కప్పేస్తుంది, దాంతో శ్రుతి దిగిపోతుంది. పై పెదవేమో క్లిప్పుల మీదుగా సాగి కిందికి రావాలి, అది రానంటుంది. పెదాల మధ్య సందు పెద్దదైపోయి స్వరం కన్నా గాలే ఎక్కువ వినిపిస్తుంది.

మొదటి రోజు నాకు షడ్జం పలకలేదు. ఫోన్‌లో తంబూరా పెట్టుకుని అరగంట ఊదితే వచ్చింది గాలి చప్పుడు. మా ప్రెషర్ కుక్కర్ నయం, అదైనా మూడు విజిల్స్ శ్రుతిలో వేస్తుంది. ఏడుపొచ్చిందని చెప్పడానికి సిగ్గేం లేదు. ఐదేళ్ళుగా ఈ ఇంట్లో పూర్తిగా నాదీ అని చెప్పుకోగలిగింది అదొక్కటే.

మాస్టారు మాత్రం ఆపమనలేదు. "రెండు నెలలు తారస్థాయి జోలికి పోకండి. మధ్యస్థాయి, మంద్రంలో పంచమం దాకా, అంతే. ఒక్కో స్వరం మీద నిలబడండి" అన్నారు. దాని వెనక కారణముంది. పై స్వరాలకి సన్నటి సందులోంచి వేగంగా గాలి పోవాలి. కొత్తగా క్లిప్పులెక్కిన పెదవికి ఆ బిగువు చేతకాదు, బలవంతం చేస్తే లోపల కోసుకుంటుంది. కింది స్వరాలకి అంత బిగువక్కర్లేదు. మొదటి వారం పదేసి నిమిషాలు, రోజుకి మూడుసార్లు ఊదాను. ఒకేసారి ముప్పావుగంట ఊదితే పెదవి లోపల పచ్చిపుండయిపోతుంది. అద్దం ముందు కూర్చుని వేణువుని వెంట్రుకవాసి బయటికి తిప్పి పట్టుకుంటే దిగిన శ్రుతి మళ్ళీ పైకొచ్చింది. క్లినిక్‌లోనే ఇచ్చే మైనం చిన్న ఉండ చేసి, గుచ్చుకునే క్లిప్పుని ముందు టిష్యూతో తడి లేకుండా తుడిచి, దాని మీద అద్దాలి. తడి మీద పెడితే సగం పాటలో ఊడి నోట్లోకి వస్తుంది. పడుకునే ముందు ఉప్పునీళ్ళు పుక్కిలించడం ఎలాగూ ఉంది.

రెండో వారం చివర్లో షడ్జం వచ్చింది. నాలుగో వారానికి మధ్యస్థాయి మొత్తం వచ్చింది. తీగ బిగించినప్పుడల్లా రెండు మూడు రోజులు పళ్ళు సలుపుతాయి, అప్పుడు వేణువు ముట్టుకోను. ఆ రోజుల్లో నోటితో స్వరాలు పాడుకుంటాను, వేళ్ళు చపాతీల కర్ర మీద ఆడతాయి. మా అమ్మాయికి ఇదో వినోదం.

వేణువు వాళ్ళం అదృష్టవంతులమే అనాలి. పెళ్ళి బ్యాండుల్లో వినిపించే క్లారినెట్‌కి కింది పెదవిని పళ్ళ మీదికి మడిచి పట్టాలి, క్లిప్పులుంటే అవి పెదవిలో దిగుతాయి. ట్రంపెట్ గిన్నెనైతే పెదాల మీద నొక్కిపట్టాలి, ఇంకా కష్టం. నాదస్వరానికి పీకని పెదాలతో బిగించి గుండెల్నిండా ఊపిరి పెట్టాలి. (ఆ వాయిద్యం ఆడవాళ్ళ వల్ల కాదనే పెద్దమనుషులకి ఒక మాట: భర్తతో కలిసి నాదస్వరం వాయించే కాలేషాబీ మహబూబ్ గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది.) అలాంటి వాయిద్యాలవాళ్ళు, కచేరీ తేదీలున్నవాళ్ళు ఎప్పుడు వేయించుకోవాలో ముందే లెక్క వేసుకోవాలి. నాలాంటివాళ్ళకి ఏ తేదీలూ లేవు. లేవు కాబట్టే ఆపేయడం తేలికని అందరూ అనుకుంటారు.

కానీ ఆపితే ఏమవుతుందో చూడండి. రెండేళ్ళు ఊదకపోతే పెదవి బిగువు పోతుంది. క్లిప్పులు తీసినరోజు నోట్లో పళ్ళు వేరు, వాటి వరస వేరు, పెదవికి తగిలే నునుపు వేరు. ఉన్న విద్యా పోయి, కొత్త నోటితో మొదటి షడ్జం నుంచి మొదలుపెట్టాలి. రోజూ వాయించేవాళ్ళకి అలా కాదు. పన్ను జరిగేది ఒక్క రోజులో కాదు. తీగ తోసినవైపు ఎముక కొద్దికొద్దిగా కరిగి, రెండోవైపు కొత్తగా కట్టుకుంటూ నెలలమీద జరుగుతుంది. పెదవి కూడా దాని వెనకే సర్దుకుంటూ పోతుంది. క్లిప్పులు తీశాక మళ్ళీ కొన్ని వారాలు తడబాటు తప్పదు. అయినా అది వారాల్లో తేలే తడబాటు.

ఇంకోటి, ఈ "రెండేళ్ళేగా" అన్న మాట నేను కొత్తగా వినడం కాదు. పెళ్ళయిన కొత్తలో సంగీతం నేర్చుకుంటానంటే రెండేళ్ళాగు, కాస్త కుదురుకోనీ అన్నారు. తర్వాత పిల్లలు చిన్నవాళ్ళు. తర్వాత పెద్దాడి టెన్త్, ఇంటర్, మధ్యలో అత్తగారి మోకాలి ఆపరేషన్. ఒక్కటీ అబద్ధం కాదు, అన్నీ నిజమైన అవసరాలే, చేసినందుకు నాకు బాధ లేదు. కానీ అన్నీ కలిపితే పద్దెనిమిదేళ్ళయ్యాయి. మావారికి ఈ లెక్క వేళ్ళ మీద వేసి చూపించాను. ఆయనేం మాట్లాడలేదు. మర్నాడు మందుల షాపు నుంచి మైనం పెట్టెలు నాలుగు తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టారు.

ఎనిమిది నెలలైంది. మోహన వర్ణం చరణంలో పై గాంధారం దగ్గర ఇంకా కాస్త గాలి వినిపిస్తోంది. గురువారం మళ్ళీ తీగ బిగిస్తారు. ఈలోపల ఆ చరణస్వరాలు ఒక్కసారైనా ఆగకుండా వాయించి మాస్టారికి వినిపించాలి, బుధవారం క్లాసుంది.