లూను పక్షియు సీసపు గుండును

సృష్టిలో ప్రతి జీవికిని తనకు తగిన తావు ఒకటి కలదు. ఆ తావున ఉన్నంతవరకే దాని గొప్పతనము తెలియును. అది తప్పినచో ఆ జీవియే నవ్వులపాలగును. ఇందుకు ఉత్తర అమెరికా సరస్సులలో వేసవి గడపు లూను అను పక్షి మంచి నిదర్శనము. ఇంగ్లండువారు దీనిని ‘గ్రేట్ నార్దరన్ డైవర్’ అందురు. ఉత్తరదేశపు పెద్ద మునుగుడు పక్షి యని దాని భావము.

మన చెరువులలో మునిగి తేలు బుడుబుంగను మీరు చూచియే యుందురు. లూను మన చెరువులకు రాదు. అది బుడుబుంగకంటె మిక్కిలి పెద్దది. వేసవిలో దాని తల నల్లగా నిగనిగలాడును. వీపుపై చదరంగపు పలకవలె తెల్లని గళ్లుండును. కన్నులు కెంపులవలె ఎఱ్ఱనివి. రాత్రివేళ దాని దీర్ఘమైన కూత సరస్సులపై బహుదూరము వినవచ్చును. చలికాలము రాగానే ఈ సొగసు విడిచి, బూడిదవన్నె దాల్చి, సముద్రతీరమునకు వలసపోవును.

దాని కాళ్లు శరీరమునకు వెనుకకొసన అమరియున్నవి. కావున నేలపై సరిగా నడువజాలదు. అనేక పక్షుల యెముకలు బోలుగా నుండగా దీనివి చాలవరకు గట్టివి. కావున ఎగురుటకు ముందు నీటిపై చాల దూరము పరుగిడవలెను. అయితే ఈ లోపములే నీటిలో వరములు. ఆ బరువుచేతను, ఆ కాళ్లచేతను అది బాణమువలె మునిగి చేపలను పట్టును.

చేపముండ్లను అరిగించుకొనుటకు ఇది గులకరాళ్లను మ్రింగును. ఇచ్చటనే మనుష్యుని అజాగ్రత్త దానిపాలిట మృత్యువగుచున్నది. గాలమునకు కట్టు సీసపు గుండు తెగి నీటిలో పడును. లూను దానిని రాయి యనుకొని మ్రింగును. లేక గుండుతో కూడిన చేపను మ్రింగును. ఆ చిన్న గుండొక్కటియే కొలది వారములలో దాని ప్రాణము తీయుటకు చాలును.

“ఇంత పెద్ద సరస్సులో ఇంత చిన్న గుండు ఏమి చేయును?” అని కొందరందురు. ఈ వాదము సరికాదని నా యభిప్రాయము. లూను సాధారణముగా ఏటికి రెండు గ్రుడ్లే పెట్టును. పుట్టిన పిల్ల తాను పిల్లలను కనుటకు అనేక సంవత్సరములు పట్టును. అట్టి జాతిలో ఎదిగిన పక్షి యొక్కటి చచ్చినను ఆ నష్టము త్వరగా తీరదు. తగరముతోను, ఉక్కుతోను చేసిన గుండ్లు దొరకుచుండగా సీసమునే పట్టుకొని వ్రేలాడుట యేల?

1987లో కెనడావారు తమ డాలరు నాణెముపై లూను బొమ్మ ముద్రించిరి. ఆ యేడే బ్రిటనులో హంసల మేలుకొఱకు గాలపు సీసపు గుండ్లను చాలవరకు నిషేధించిరి. కెనడా జాతీయ వనములలో చిన్న సీసపు గుండ్లకు 1997లో నిషేధము వచ్చెను. నాణెముపై బొమ్మ వేయుట సులభమైన గౌరవము. చేతిలోని గుండును మార్చుకొనుట కొంచెము శ్రమగల గౌరవము. నిజమైన గౌరవము రెండవదియే.

విద్యార్థులారా! ఆ సరస్సులు మనకు దూరము. కాని మన చేతినుండి జారి నీటిలో పడు వస్తువు ఏ నోటికి చేరునో ఆలోచించు బాధ్యత దూరమైనది కాదు. సరస్సు అడుగున నున్నది రాయియే యని నమ్మి ఆ పక్షి మ్రింగుచున్నది. ఆ నమ్మకమును వమ్ము చేయకుండుట మనుష్యధర్మము.