అందరిదీ ఒకే ధరైతే...

"లాయరు చదువా? ఆడపిల్లకు కోర్టుల చుట్టూ తిరుగుడెందుకు వదినా?" కోదాడ నుంచి వచ్చిన మా ఆడబిడ్డ బుగ్గలు నొక్కుకుంది. ఇంటర్ పాసైన మా అమ్మాయి మాత్రం తొణక్కుండా "నేను ధరల కేసులు వాదిస్తానత్తా" అంది. ధరలకు కూడా లాయర్లుంటారా అని ఇద్దరం తెల్లబోయాం.

2011లో సూర్యాపేటలో మేం ఇల్లు కట్టుకున్నాం. సిమెంటుకు నాలుగు దుకాణాలు తిరిగితే నలుగురూ ఒకే ధర చెప్పారు. మఠంపల్లి, మేళ్లచెరువు, వాడపల్లి ఫ్యాక్టరీలు మనకు కూతవేటు దూరం. అయినా బేరానికి తావే లేదు. నా గాజుల జత అమ్మితేగానీ స్లాబు పడలేదు. మన రాత ఇంతే అనుకుని ఊరుకున్నాను.

అందరూ అలా ఊరుకోలేదని మా అమ్మాయి చెబితే తెలిసింది. బిల్డర్ల సంఘం ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ 2012 జూన్‌లో పదకొండు సిమెంటు కంపెనీలకు సుమారు 6,300 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అప్పీలులో ఆ తీర్పు 2015లో రద్దయింది. మళ్లీ విచారించి 2016లో కమిషన్ జరిమానా వేస్తే, 2018లో అప్పీలు ట్రిబ్యునల్ సమర్థించింది. ఆపైన వ్యవహారం సుప్రీంకోర్టు గడప ఎక్కింది.

నలుగురూ ఒకే ధర చెప్పినంత మాత్రాన నేరం కాదట. లోపల కూడబలుక్కున్నారని తేలాలి. సమావేశాల్లో ఏం జరిగింది, ఉత్పత్తి ఎందుకు తగ్గింది, ధరలు ఎప్పుడు పెరిగాయి అని లెక్కలన్నీ విప్పి చూడాలి. అదీ ఈ లాయర్ల పని. కంపెనీల పక్షాన నిలబడి, లెక్కలో తప్పుంటే చూపించేదీ వాళ్లే. 2002లో వచ్చిన ఈ చట్టం అమ్మేవాళ్లకే కాదు, కొనేవాళ్లకూ వర్తిస్తుంది. వడ్లు కొనేవాళ్లు కూడబలుక్కుని రైతుకు ధర తగ్గించినా తప్పే. రైసు మిల్లుల మిర్యాలగూడ చుట్టుపక్కల ఇళ్లలో తెలిసి ఉండాల్సిన మాట కాదూ ఇది?

కష్టమూ లేకపోలేదు. కమిషన్ ఉండేది ఢిల్లీలో. ఐదేళ్ల లా కోర్సుతోపాటు అర్థశాస్త్రం, ఖాతాలు వంటబట్టాలి. ఒక్కో కేసు ఏళ్ల తరబడి సాగుతుంది. కానీ ఆడవాళ్లకు చేతకాని పనేం కాదు. హైదరాబాద్‌లో పనిచేసిన ఆర్థికవేత్త గీతా గౌరి ఆ కమిషన్ తొలి సభ్యుల్లో ఒకరు. 2023లో రవనీత్ కౌర్ దానికి అధ్యక్షురాలయ్యారు.

కూరగాయల బండి దగ్గర రూపాయి తేడాకు నిలదీసే మనం, బస్తాకు యాభై పెరిగితే మాట్లాడం. అది మగవాళ్ల వ్యవహారమనుకుంటాం. ఆ డబ్బు పోయేది మాత్రం మన పోపులడబ్బాలోంచే!

పెళ్లికని దాచిన డబ్బులోంచి లా కోర్సు ఫీజుకు తీసి పక్కన పెట్టాను. ఆడబిడ్డ ఇంకా అలిగే ఉంది. అలిగితే బుజ్జగించుకోవచ్చు. పిల్ల అడిగిన చదువు ఇప్పుడు కాదంటే మళ్లీ ఎప్పుడిస్తాం? మీరైతే ఏం చేసేవారు?